పిల్‌నామ్ పెద్దమ్మ సర్వీస్ గిన్నె

“ఇరవై ఏళ్లుగా నీ చారే తాగుతున్నా వదినా. ఒక్కనాడైనా నా గిన్నెలో ఒక్క ఆల్చిప్ప ఊరికే పడిందా?”

“పడలేదు. ఇక మీదట కూడా పడదు.”

“మరి ఆయన ముందున్నది ఏంటి?”

“చారు. కళ్లు కూడా పోయాయా?”

“ఆయన అడిగాడా?”

“అడగలేదు.”

“బిల్లులో వేస్తావా?”

“వెయ్యను.”

“అంటే సర్వీస్. ఇవాళే గుమ్మం తొక్కినవాడికి సర్వీస్. నాకు మాత్రం పళ్లు కుట్టుకునే పుల్ల కూడా లెక్కపెట్టి ఇస్తావు.”

“నీకు నాలుక ఉందా ప్యో? సగం సిగరెట్లతో కాల్చేశావు, మిగతా సగం మిరపముద్దలో ముంచేశావు. నీకు చారు పోసినా గిన్నెలు కడిగిన నీళ్లు పోసినా ఒకటే. పోయి నీ గాలాలు అమ్ముకో.”

నేను భుజం మీద ఐసు దిమ్మతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. దిమ్మ కరిగి నీళ్లు మెడ మీదుగా వీపులోకి దిగుతున్నాయి. అయినా లోపలికి వెళ్లలేదు. టక్ పిల్‌నామ్ పెద్దమ్మ సర్వీస్ ఇవ్వడమనేది మసాన్ రేవులో చేపల బజారు వెనక మా సందులో ఎవరూ చూడని వింత. దాన్ని చూడకుండా దిమ్మ దించడం నా వల్ల కాలేదు.

ఆ చారు దక్కినవాడు వీధి చివర బ్యాంకు ముందు కాపలా కాసే మనిషి. కాల్చిన చేప ఒకటి తెప్పించుకుని తన మానాన తాను తింటున్నాడు. ఆల్చిప్పల చారు గిన్నె తనంతట తానే వచ్చి ముందు వాలింది. ఇప్పుడు చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తాగితే ప్యోకి కోపం, తాగకపోతే పెద్దమ్మకి కోపం. చివరికి తాగాడు. ఎవరూ అడక్కముందే “చాలా బావుందండీ” అన్నాడు.

ఆ మాటకి పెద్దమ్మ మొహం విప్పారలేదు. బేరగాళ్లు చేప కళ్లు చూసి తాజానా కాదా అని తేల్చుకున్నట్టు అతని మొహాన్నే చూస్తూ నిలబడింది. “ఎలా ఉంది?” అని అడిగింది. “భలే ఉందండీ” అన్నాడతను, ఈసారి ఇంకాస్త భయంగా. ఆమె గరిటె బల్ల మీద పడేసి లోపలికి పోయింది.

నా అనుమానం అక్కడ మొదలైంది. చారు ఎలా ఉందని పిల్‌నామ్ పెద్దమ్మ ఎవరినీ ఎన్నడూ అడిగిన మనిషి కాదు. ఒకడు మిరియాల పొడి ఉందా అన్నాడని గరిటె విసిరిన మనిషి.

మా దగ్గర సర్వీస్ అంటే కొసరు. సోజు సారా తాగుతుంటే పక్కన వచ్చి కూర్చునే, గిలక్కొట్టి ఆవిరి మీద ఉడికించిన గుడ్డు, పచ్చి చేప తింటుంటే వెనకాలే వచ్చే కాల్చిన చేప, పళ్లు కొంటే సంచిలో అదనంగా పడే బత్తాయి. బిల్లుకెక్కనిదంతా సర్వీసే. నేను చదువు మానేసిన కాలేజీలో ఇంగ్లీషు చెప్పే లెక్చరరు ఒకాయన, ఆ మాటకి అసలు అర్థం సేవ అనీ, దాన్ని కొసరుకి వాడి మనం ఆ భాష పరువు తీశామనీ క్లాసంతా నవ్వుతూనే ఉన్నాడు. అదే వారం మాతో తాగడానికి వచ్చి, సర్వీసుగా వచ్చిన గుడ్డంతా గిన్నె అడుగు కనపడేదాకా ఊడ్చేశాడు. మాట ఎక్కడిదో ఆయనకి తెలుసు. దాని పద్ధతి మాత్రం తెలియదు. పద్ధతి ఉంది. సర్వీస్ పాత గిరాకీకి రావాలి. కొత్తవాడికి వచ్చిందంటే ఇచ్చినవాళ్లకి అతనితో ఏదో పని ఉంది. ధారాళమైన చెయ్యి ఇస్తే ఎవరూ పట్టించుకోరు. పిసినారి చెయ్యి ఇస్తే సందంతా తలలు తిప్పి చూస్తుంది. వచ్చినదానికి వంక పెట్టకూడదు, అదొకటి. ఉప్పు కషాయమైనా, చల్లారి గడ్డకట్టినా, “అయ్యో, ఇదంతా ఎందుకండీ” అని తాగెయ్యాలి. ఊరికే వచ్చినదాన్ని బాగాలేదన్నవాడు మనిషే కాదు.

పిల్‌నామ్ పెద్దమ్మకి ఆ మాటంటేనే మంట. పదహారేళ్లకి కొసాంగ్ దగ్గర పల్లె వదిలి మసాన్ ఎగుమతుల ఫ్యాక్టరీలో రేడియో తీగలు అతికే పనికి వచ్చింది. అక్కడే ఆ మాట మొదటిసారి విన్నానని చెప్పేది. సాయంత్రం గంట కొట్టాక మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, “అమ్మాయిలూ, ఇంకో పెట్టె. ఇది కంపెనీకి మన సర్వీస్” అనేవాడట. “సర్వీస్ అంటే ఊరికే అని వాడి దగ్గరే నేర్చుకున్నా. ఊరికే అన్నచోటల్లా ఎవరిదో ఒకరి వేలు కాలుతుంది” అని, సోల్డరింగు మచ్చలున్న వేళ్లు చూపించేది. చివరి రెండు వేళ్లు ఇప్పటికీ నిటారుగా నిలబడవు.

ఆమె పేరుకి అర్థం ‘తప్పకుండా మగపిల్లాడు’. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టింది కాబట్టి తర్వాతి కాన్పు కోసం అలా పెట్టారు. “పేరు కూడా నా కోసం పెట్టలేదు. వెనకాల వచ్చేవాడికి దారి చూపించే బోర్డు నేను” అని నవ్వేది. వెనకాల వాడు వచ్చాడు. ఫ్యాక్టరీ జీతంతో వాడు చదువుకున్నాడు. ఇప్పుడు తేగు పట్నంలో కళ్లద్దాల కొట్టు పెట్టుకున్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు. పెళ్లయ్యాక భర్త పడవ పని మానేసి ఈ సందులో చారు కొట్టు పెట్టాడు. ఆయన పోయాక ఆమే నడుపుతోంది. ఆరు బల్లలు, రెండు పొయ్యిలు, గోడకి ఓ క్యాలెండరు. చారు తెల్లగా, సముద్రం వాసనతో, ఒక్క పచ్చిమిరపకాయ ఘాటుతో ఉంటుంది. ఆ చారు కోసమే జనం ఈ సందులోకి తిరుగుతారు. తిరిగినవాళ్లు ప్యో దగ్గర గాలాలు కొంటారు, మా పిన్ని దగ్గర ఐసు కొంటారు. ఆమె కొట్టు మూతపడితే సందులో ఎవరికీ పొయ్యి వెలగదు. అందుకే ఆ గిన్నె మీద అన్ని కళ్లు.

ఆ సాయంత్రం ప్యో మా ఐసు కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతని కొట్టు ఎదురుగానే, కానీ తగువు చెప్పుకోవాలంటే ఇటే వస్తాడు.

“అమ్మేసింది. రాసిపెట్టుకో” అన్నాడు మా పిన్నితో. “కొనేవాడు రోజూ దూరం నుంచి చూస్తుంటాడు, కొట్టు నిండుగా ఉందా లేదా అని. నిండాలంటే ఊరికే పోయాలి. ఎండుచేపల కొట్టువాడు పోయిన ఏడాది ఇదే చేశాడుగా. నెలపాటు చేపలు పంచిపెట్టాడు, మర్నాడు చూస్తే కాఫీ కొట్టు.”

“అక్క అలా చెప్పకుండా చెయ్యదు” అంది పిన్ని. అంటూనే, “ఆల్చిప్పలు పాతవేమో. మురిగిపోయిన సరుకు కొని, ఎవరికి ఏమవుతుందో చూస్తోందేమో. కొత్తవాళ్లకే పోస్తోంది చూశావా? మనకి పొయ్యడం లేదు” అంది.

“నీ మాట నా మాటకంటే ఘోరంగా ఉంది” అన్నాడు ప్యో మెచ్చుకోలుగా.

పిన్ని నా వైపు తిరిగింది. “ఒరే ఇంజనీరూ.” చదువు మానేసినప్పటి నుంచి నన్నలాగే పిలుస్తుంది. “రోజూ పొద్దున్నే ఐసు దించేది నువ్వేగా. కాస్త లోపలికి కన్నేసి ఉంచు.”

కన్నేసి ఉంచాను. నాకు చేతకాని పనుల్లో ఇది లేదు.

కనపడినవి అన్నీ అనుమానాన్ని పెంచేవే. ఆల్చిప్పలు తాజావే, బుట్టలోంచి నీళ్లు కక్కుతూ టక్కున మూసుకుంటున్నాయి. కాబట్టి పిన్ని మాట తప్పు. కొనేవాడి జాడ లేదు. కానీ సర్వీస్ ఆగలేదు. ఒకరోజు సిటీ బస్సు నడిపే ఆవిడకి పోసింది, ఒకరోజు బడి వంటశాలలో పనిచేసే ఆవిడకి. ఆ తర్వాత పళ్లు కట్టించుకోవడానికి వచ్చి దారి తప్పిన ముసలాయనకి. ప్రతిసారీ పక్కన నిలబడేది. ప్రతిసారీ “బావుంది” అనే జవాబే వచ్చేది. విన్న ప్రతిసారీ మొహం ఇంకాస్త ముడుచుకునేది. ఊరికే ఇచ్చి, బావుందనిపించుకుని, కోపం తెచ్చుకునే మనిషిని ఎవరైనా చూశారా?

ఒక పొద్దున నేను దిమ్మ దించి తుడుచుకుంటుంటే, “కూర్చో” అంది. ముందు గిన్నె పెట్టింది.

“ఏంటిది?”

“సర్వీస్.”

“నాకెందుకు?”

“తాగమంటే తాగు. పోలీసులా ప్రశ్నలెందుకు?”

తాగాను. ఆమె గరిటె పట్టుకుని నా నెత్తి మీదే నిలబడింది. చారు గొంతు దాటకముందే తేడా తెలిసింది. “ఉప్పు కషాయంలా ఉంది పెద్దమ్మా. పైగా ఇందులో ఒక చిప్ప చచ్చింది. బురద కంపు కొడుతోంది” అన్నాను. అని, గరిటె దెబ్బ కోసం తల వంచాను.

గరిటె రాలేదు. ఆమె గిన్నె తీసుకుంది. కుండ దగ్గరికి వెళ్లింది. పొద్దున్నే లేచి కాచిన కుండంతా తూములోకి వంచేసింది. ఆవిరి లేచి కిటికీ అద్దం తెల్లబడింది. “మధ్యాహ్నం ఇంకో దిమ్మ తెచ్చిపెట్టు” అంది, నా వైపు చూడకుండానే.

పిన్నికి చెప్పాను. “ఏమీ విసరలేదా?” అని అడిగింది.

“లేదు.”

“తిట్టలేదా?”

“లేదు.”

పిన్ని చేతిలోని ఐసు కోసే రంపం పక్కన పెట్టేసింది. “అయితే ప్యో అన్నదే నిజం. కొట్టు తనది కాకుండా పోయింది. తనది కానప్పుడు చారునెవడేమంటే ఏం?”

నాకూ అదే నిజమనిపించింది.

వాన పడుతున్న రోజున తేలింది అసలు సంగతి. చలిగాలి కొడుతోందని కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. దిమ్మతో తలుపు నెట్టాను. గ్యాసు మొహం మీద కొట్టింది, తడిబట్టతో చరిచినట్టు. లోపల రేడియోలో పాత పాటలు. పెద్దమ్మ పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని, నాకు వీపు పెట్టి, వెల్లుల్లి ఒలుచుకుంటోంది. కుండ పొంగి మంట ఆరిపోయింది. పొయ్యి బుసకొడుతూనే ఉంది.

దిమ్మ నేలమీద పడేశాను, నాలుగు ముక్కలైంది. గ్యాసు బండ కట్టేశాను. ముందు తలుపు, వెనక తలుపు తన్ని తెరిచాను. ఆమె పీట మీంచి తిరిగి చూసింది. కోపంగా, ఐసు ముక్కల వైపు.

“దానికి డబ్బులివ్వను” అంది.

“చస్తావా? చస్తే చావు, సందుని కూడా తీసుకుపోతావా?” నా నోరు ఆగలేదు. “ఇదేనా నీ ప్లాను? అమ్మడం కాదు, తగలబెట్టడమా? ఇన్సూరెన్సు కోసమా?”

ఆమె నన్ను చూసింది. తడిసిన పొయ్యిని చూసింది. ఒలిచిన వెల్లుల్లి ఒడిలోనే ఉంది.

“ఎంతసేపటి నుంచి వస్తోంది వాసన?” అని అడిగింది.

“నాకెలా తెలుసు? నేనిప్పుడే వచ్చా. ఇక్కడ కూర్చున్నది నువ్వు.”

నేను ఆమె ఒడిలోంచి ఓ వెల్లుల్లి రెబ్బ తీసి, బల్ల మీద చితక్కొట్టి, ముక్కు దగ్గర పెట్టాను. ఘాటుకి నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వెనక్కి జరగలేదు, ముక్కు చిట్లించలేదు. నా చెయ్యి ఎందుకక్కడుందా అన్నట్టు చూసింది. తర్వాత తనే నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

“తలుపులు తెరిచే ఉంచు” అంది. “గట్టిగా మాట్లాడకు. మీ పిన్ని చెవులు గోడకి అతికే ఉంటాయి.”

ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం, వానజల్లు మోకాళ్ల మీద పడుతుంటే. చలికాలంలో జ్వరం వచ్చిందట. జ్వరం పోతూ వాసనని తీసుకుపోయింది. దాని వెనకే రుచి కూడా. ఉప్పు వేస్తే నాలుక చివర సూది గుచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. చారైనా, వేడినీళ్లైనా, నోట్లో ఒకటే. అవి తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడట డాక్టరు.

“చేతికి కొలత తెలియదా? ఇన్నేళ్లు కాచావు.”

“చేతికి తెలుసు. సముద్రానికి తెలియదు. వాన పడ్డాక ఆల్చిప్ప చప్పగా వస్తుంది, ఎండలు కాసినప్పుడు ఉప్పు పట్టి వస్తుంది. బుట్టలో ఒక్క చచ్చిన చిప్ప దాక్కుంటే ముక్కే పట్టుకోవాలి. నా ముక్కు ఇప్పుడు మొహానికి అలంకారం.”

“అందుకా సర్వీస్?”

“ఆ బ్యాంకు మనిషి తిండి దగ్గర మహా పేచీ. కట్టిచ్చిన క్యారేజీ రోజూ సగం వెనక్కి తెస్తాడని వాడి పెళ్లామే చెప్పింది. వాడి చేత నిజం చెప్పిద్దామని పోశా. పెళ్లాన్ని ఏడిపించేవాడు నా దగ్గర సాధువైపోయాడు. బస్సావిడా అంతే. బడి వంటావిడ అయితే గిన్నె కూడా నాకింది. తర్వాత కుండ అడుగున మిగిలిన చారు ఇగిరిపోయేదాకా కాచి, తేలిన ఉప్పు కొలిచి చూసుకుంటే, ఆరోజు రెండింతలు పడిందని తెలిసింది.”

“ప్యో బాబాయికి ఒక్కసారి పోసి ఉంటే నీ పీకకి చుట్టుకునేవాడు కాదు.”

“వాడికి నిజంగానే నాలుక లేదురా. తిట్టాననుకున్నాడు.”

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

“మా ఆయన ఇలాగే పోగొట్టాడు ఈ కొట్టుని ఒకసారి” అంది. “ఆయనది పంచిపెట్టే చెయ్యి. ఏ బల్లకీ సర్వీస్ లేకుండా ఉండేది కాదు. చివర్లో ఆయన నోరు చెడింది, తాగుడు వల్ల. చారు చెడింది. ఎవడైనా చెప్పాడా? ఊరికే తిన్న నోరు ఎలా చెబుతుంది? బావుంది అన్నయ్యా అనేవాళ్లు, దణ్ణం పెట్టేవాళ్లు, మళ్లీ వచ్చేవాళ్లు కారు. బల్లలు ఎందుకు ఖాళీ అయ్యాయో తెలియకుండానే పోయాడు. నేను మళ్లీ ఒక్కొక్కణ్నీ వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకేం తెలుసు. అప్పుడు ఒట్టేసుకున్నా, ఒక్క చిప్ప ఊరికే వెయ్యనని. అన్నీ తెలిసీ మళ్లీ అదే గోతిలో పడ్డా చూడు.”

“మానెయ్యొచ్చుగా. అమ్మెయ్యి.”

“ఏం అమ్మను? గోడలా? ఇక్కడ ఉన్నది చారొక్కటే. నాకు వాసన తెలియదని నలుగురికీ తెలిసిన రోజు అది కూడా ఉండదు. ఇది మూతపడితే నేను తేగులో తమ్ముడి కొట్టులో అద్దాలు తుడుచుకోవాలి.”

“ఎవరికైనా కడుపు పాడైతే? అప్పుడేం చేస్తావు?” అన్నాను. నేనింకా పూర్తిగా నమ్మలేదు. ఇదంతా నా నోరు మూయించడానికేమోనన్న శంక ఒక మూల ఉంది. “పిన్నికి చెప్పాలి నేను. కన్నేసి ఉంచమంది.”

“చెప్పు” అంది. “చెప్పే ముందు ఒకటి విను. ఆరోజు కుండంతా పారబోశాను, చూశావుగా. ఈ మూడు నెలల్లో ఒక్కడు నిజం చెప్పాడు. చెప్పగానే పారబోశా. రోజూ ఒకడు చెబితే రోజూ పారబోస్తా. ఎవరి కడుపూ పాడవదు.”

వాన కాస్త తగ్గింది. ఎదురుగా ప్యో తన కొట్టు రేకు పైకెత్తి, మా ఇద్దరినీ చూసి, ఎత్తిన రేకు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ అతని వైపు చెయ్యి విదిలించింది, కాకిని తోలినట్టు. రేకు కిందికి జారింది.

“సరే” అన్నాను. “రోజూ ఐసు దించాక ఒక గిన్నె తాగుతాను. నాదేం పోయింది, ఊరికే వస్తుంటే.”

“అదే వద్దంటున్నా.” ఆమె లేచి నిలబడింది. కింద కరుగుతున్న ఐసు ముక్కల్ని కాలితో తూము వైపు తోసింది. “ఆరోజు నిజమెందుకు చెప్పావు? నా మీద అనుమానంతో చెప్పావు. ఆ అనుమానం ఇప్పుడు సగం పోయింది, మొహం చూస్తే తెలుస్తోంది. రోజూ ఊరికే తాగావంటే నెల తిరక్కుండా నువ్వు కూడా బావుంది పెద్దమ్మా అంటావు. అది నీ తప్పు కాదు, ఆ గిన్నె తప్పు. అందుకని నాకొక్క పని చేసిపెట్టు. పొద్దున్నే ఐసు దించు, ఒక గిన్నె తీసుకో, అందరూ ఇచ్చే ధర నా గల్లాలో వెయ్యి. వేశాకే నోరు తెరువు. బాగాలేని రోజున డబ్బు వెనక్కి అడుగు. నేను ఇవ్వనంటాను, నా బుద్ధి నీకు తెలుసుగా. ప్యోలా గొడవపెట్టుకుని మరీ తీసుకో.”